టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2: పాతదే అయినా నిలకడైనది
1979లో వచ్చిన ఈ డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌ను (గ్రామఫోన్ రికార్డులు వాయించే యంత్రాన్ని) నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వెతికి కొనడం కష్టమే గాని, కొన్నాక చూసుకోవడం తేలిక. మోటారుకూ రికార్డు పెట్టే పళ్ళేనికీ మధ్య బెల్టే లేదు కనుక సాగేదీ తెగేదీ ఉండదు. పళ్ళెం అడుగున బిగించిన అయస్కాంతమే మోటారులో భాగం కావడం వల్ల, వేగాన్ని స్థిరంగా ఉంచే క్వార్ట్జ్ నియంత్రణలో పళ్ళెం నేరుగా తిరుగుతుంది. ఎర్రటి స్ట్రోబ్ (వేగంగా మిణుకుమనే దీపం) వెలుగులో అంచునున్న పెద్ద చుక్కల వరుస కదలకుండా నిలిచినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టే. ఇరుసుకు ఎప్పుడో ఒకసారి రెండు మూడు చుక్కల నూనె చాలు.

తలనొప్పంతా వేగాన్ని 8 శాతం వరకు పెంచే, తగ్గించే పిచ్ స్లైడర్‌తోనే. దుమ్ము చేరితే వేగం తడబడుతుంది. నేను తొందరపడి అందులో కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) ధారాళంగా కొట్టాను; దుమ్ముతోపాటు లోపలి గ్రీజు కూడా కొట్టుకుపోయి, మునుపు వెన్నలా జారిన మీట గరగరమంటూ బిగుసుకుంది. తప్పు పూర్తిగా నాదే.

కొనేటప్పుడు పైమెరుపు చూసి మోసపోకుండా, సూదిని మోసే టోన్‌ఆర్మ్‌ను వేలితో మెల్లగా కదిపి బేరింగులు వదులయ్యాయేమో చూడాలి. జపాన్‌లో అమ్మిన యంత్రమైతే 100 వోల్టులది కనుక, మన 230 వోల్టుల కరెంటుకు వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చును కూడా ధరలో కలుపుకోవాలి.