డీఎంఎల్‌టీయా, బీఎస్సీ ఎంఎల్‌టీయా?

ఇంటర్ బైపీసీ అయ్యాక ల్యాబ్ వైపు వెళ్దామంటే దారులు రెండు. డీఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ డిప్లొమా, రెండేళ్లు. అదే ల్యాబ్ చదువులో డిగ్రీ బీఎస్సీ ఎంఎల్‌టీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు.

అందరూ ఫీజుల తేడానే లెక్కేస్తారు. అసలు ఖర్చు వేరే ఉంది: డిప్లొమా కుర్రాడు రెండేళ్లు ముందే పనిలో చేరితే, నెలకు 12 వేలు అనుకున్నా, ఆ రెండేళ్లలో 2.88 లక్షలు. బీఎస్సీ ఫీజుకు, హాస్టల్ బిల్లుకు ఇదీ కలపాలి.

మరి సర్కారీ కొలువు? 2024లో తెలంగాణలో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులు పడితే డిప్లొమా వాళ్లూ అర్హులే, మూల వేతనం అందరికీ 32,810. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ మాత్రం తప్పనిసరి.

ఎమ్మెస్సీ, ఆపైన బోధన అనుకుంటేనే డిగ్రీ. పొద్దున్నే పరగడుపు శాంపిళ్ల క్యూలో ఒక్క గుచ్చుకే నరం దొరికించుకునే చేతి పనితనం కోర్సు పేరును బట్టి రాదు. ఇంట్లో అప్పుంటే నా ఓటు డీఎంఎల్‌టీకే.