చిక్‌పేట చీరల దుకాణం వెబ్‌సైట్: నాలుగేళ్లు వాడాక డెవలపర్ గురించి

బెంగళూరు చిక్‌పేటలో ధర్మవరం పట్టుచీరలు అమ్మే మా దుకాణానికి 2021లో సైట్ పెట్టాం. మొదటి ఏడాది ఒక ఏజెన్సీ చూసింది, అప్పటినుంచి విడిగా పనిచేసే ఒక డెవలపర్ చూస్తున్నాడు. పేర్లు రాయడం లేదు. డిజైన్ ఇద్దరిదీ బాగుంది. తేడా తెలిసిందల్లా సైట్ నడవడం మొదలయ్యాకే, కాబట్టి ఇక్కడ డిజైన్ ఊసు ఎత్తను.

ముందు డొమైన్, అంటే సైట్ చిరునామా. ఏజెన్సీ మా డొమైన్‌ను రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర తన ఖాతాలో, తన మెయిల్ ఐడీతో కొన్నది. బిల్లు మేమే కట్టాం కదా, మాదే అనుకున్నాం. రిజిస్ట్రార్ దగ్గర ఎవరి పేరు నమోదై ఉంటే వాళ్లదే మాట, బదిలీకి కావలసిన రహస్య కోడ్ (ఆథ్ కోడ్) కూడా ఆ ఖాతాలోంచే తీయాలి. ఏడాదికి వెయ్యి రూపాయల చిల్లర ఖర్చయ్యే దానికోసం ఆరు వారాలు వెంటపడాల్సి వచ్చింది. ఖాతా మీరే తెరవండి, డబ్బు మీరే కట్టండి, ఆటో రెన్యువల్ పెట్టండి, డెవలపర్‌కు డీఎన్‌ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగులు) మార్చే అనుమతి మాత్రం ఇవ్వండి. ఒక జాగ్రత్త: ఆ ఖాతాకు అదే డొమైన్ మీద నడిచే మెయిల్ ఇవ్వొద్దు. డొమైన్ గడువు దాటి ఆగిపోతే మెయిల్ కూడా ఆగుతుంది, లాగిన్ కోడ్ వచ్చే దారే ఉండదు. హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ అద్దె), పేమెంట్ గేట్‌వే (కస్టమర్ డబ్బు తీసుకుని మనకు చేర్చే సేవ), సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో సైట్ ఎలా కనిపిస్తుందో చూపే పరికరం) కూడా మీ పేరు మీదే ఉండాలి.

కోడ్ సంగతి చాలామంది అడగనే అడగరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం జీతానికి పనిచేసే ఉద్యోగి రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి చెందుతుంది. బయటి డెవలపర్ రాసిన కోడ్ మాత్రం రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప అతనిదే. 19వ సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది: బదలాయింపు పత్రంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అమెరికాలో ఉన్న మనవాళ్లకు కూడా చీరలు పంపే దుకాణానికి ఇది పట్టించుకోవాల్సిన వాక్యమే. ఇప్పటి డెవలపర్ ఆ రెండు ముక్కలూ అడగకుండానే ఒప్పందంలో రాసి తెచ్చాడు. అతని మీద నమ్మకం అక్కడ మొదలైంది.

ఎక్కువ నష్టం తెచ్చింది పేమెంట్. కస్టమర్ ఫోన్‌లో యూపీఐ యాప్‌లోకి వెళ్లి డబ్బు కట్టి, మళ్లీ బ్రౌజర్‌లోకి రాకుండా ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఏజెన్సీ కట్టిన సైట్ ఆ తిరిగి రావడం మీదే ఆధారపడింది. అక్కడ డబ్బు కట్ అయ్యేది, ఇక్కడ ఆర్డర్ పెండింగ్‌లో ఉండేది. ఆ చీర ఇంకొకరికి అమ్ముడుపోయేది. మా దగ్గర చాలా డిజైన్లు ఒక్కటే పీసు, కాబట్టి గొడవ ఖాయం. దీనికి మందు వెబ్‌హుక్: గేట్‌వే సర్వరే నేరుగా మన సర్వర్‌కు డబ్బు వచ్చిందని చెబుతుంది. ఆ కబురు ఒకటికి రెండుసార్లు రావచ్చు, రెండోసారి వచ్చినప్పుడు స్టాకు మళ్లీ తగ్గకూడదు. దొంగ కబురు కాదని దానితో వచ్చే డిజిటల్ సంతకం సరిచూడాలి. పరీక్ష సులువు: రూపాయి ధర ఉన్న ఐటమ్ పెట్టించి, యూపీఐలో కట్టి, వెంటనే బ్రౌజర్ మూసేయండి. కాసేపటికి ఆర్డర్ కన్ఫర్మ్ కాకపోతే చివరి విడత డబ్బు ఇవ్వకండి.

ఇక ఫొటోలు. ఫోన్‌తో తీసిన చీర ఫొటో ఒక్కొక్కటి 5 ఎంబీ ఉంటుంది. అలాంటివి ఇరవై నేరుగా పేజీలో పెడితే కదిరిలోనో హిందూపురంలోనో ఫోన్‌లో చూసేవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతారు. ఇప్పటి డెవలపర్ వాటిని 800 పిక్సెళ్ల వెడల్పుకు దించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి 150 కేబీ లోపు పెట్టాడు. మొదట్లో ఎర్రచీర మీద జరీ అంచు అలుక్కుపోయినట్టు కనిపించింది. మామూలు వెబ్‌పీ రంగుల వివరాన్ని సగం కొలతకు తగ్గించి భద్రపరుస్తుంది, ఎరుపు అంచుల దగ్గర అది ఇట్టే బయటపడుతుంది. అందుకని జూమ్ ఫొటోకు మాత్రం రంగు వివరం తగ్గించని జేపెగ్ వాడాడు, అది నొక్కితేనే దిగుతుంది. ఇంకోటి, ఐఫోన్ ఫొటోల్లో పీ3 రంగుల ప్రొఫైల్ (రంగులను ఎలా చూపాలో చెప్పే సమాచారం) ఉంటుంది. దాన్ని వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చకుండా ఊరికే తీసేస్తే నెమలికంఠం రంగు వెలిసినట్టు పడుతుంది. రంగు తేడా అని చీర వెనక్కొస్తే ఆ ఖర్చు మనదే. అమ్మే సరుకును ఇంత దగ్గరగా చూసే డెవలపర్ దొరకడం అదృష్టం.

వేగం విషయంలో గూగుల్ కొలమానం ఇది: పేజీ తెరవగానే కనిపించే వాటిలో అన్నిటికన్నా పెద్ద ఫొటో లేదా రాత 2.5 సెకన్లలోపు కనబడాలి. గూగుల్ వారి వేగం పరీక్ష సైట్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పైన వచ్చే అసలు వాడకందారుల 28 రోజుల లెక్క చూడండి, కింద వచ్చే 100కి ఇన్ని మార్కులు కాదు. డెవలపర్ పాత క్లయింట్ల సైట్లకు ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు, అతని పోర్ట్‌ఫోలియో కంటే ఇదే నయం.

నాలుగేళ్లలో బయటినుంచి వచ్చిన మార్పులే అసలు పరీక్ష. 2022 నవంబర్‌లో పీహెచ్‌పీ (సైట్ల కోడ్ రాసే భాష) 7.4 వెర్షన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. 2023 జూలైలో సైట్‌కు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్ లెక్కలు తీసుకోవడం మానేసింది. 2024 ఫిబ్రవరిలో జీమెయిల్, తన ఖాతాలకు మెయిల్ పంపేవాళ్ల మీద ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లు) నిబంధనలు బిగించింది. మూడింటికీ ఇతను ముందే మెయిల్ రాశాడు, ఏం మార్చాలో, ఎంతవుతుందో చెప్పాడు. ఇలా ముందే చెప్పేవాళ్లా కాదా అన్నది పాత క్లయింటుకు ఫోన్ చేసి కనుక్కోవాలి.

లోపాలూ ఉన్నాయి. ఒక్కడే మనిషి, సెలవు పెడితే జవాబుకు రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే వరమహాలక్ష్మి పండుగకు పది రోజుల ముందునుంచి సైట్‌లో ఏ మార్పూ చేయొద్దని ఒప్పందంలో రాసుకున్నాం. కోడ్ మా గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైట్) ఖాతాలో ఉంటుంది. బ్యాకప్ ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా ఆరు నెలలకోసారి దాన్ని ఖాళీ సర్వర్ మీద ఎక్కించి చూపమంటాం. మొదటిసారి ఎక్కించినప్పుడు ఆర్డర్లన్నీ వచ్చాయి కానీ ఫొటోల ఫోల్డర్ బ్యాకప్‌లోనే లేదు. ఆ రోజే సరిచేశాడు.