ఆ ఒక్క గడి డిసెంబరు దాకా ఖాళీ

మా అమ్మాయి ఈ మే నెలలో హైస్కూలు ముగించింది. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లూ ఒకే బడి. అమెరికాలో, ఒహైయో రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని పెరిగిన చిన్న ఊరు మాది. ఊరి పిల్లలందరికీ ఉన్న ప్రభుత్వ హైస్కూలు అదే. బడి పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేదాంట్లో చిన్న ఫిర్యాదు కూడా ఉంది, ఆ బడిలో మాకు మేలు చేసినవాళ్లేమో చాలామంది. పసుపు బస్సులు, లాకర్లు, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటలు అందరూ ఎరిగినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ నాలుగేళ్లలో నా మనసులో బలంగా నిలిచిపోయింది ఒక్కటే: హైస్కూలు పిల్ల మధ్యాహ్నం బడి నుంచి నడిచి వెళ్లి, విశ్వవిద్యాలయంలో కూర్చుని పాఠం విని రావడం.

ఒహైయోలో ఈ పథకాన్ని కాలేజ్ క్రెడిట్ ప్లస్ అంటారు. 2015 నుంచి అమల్లో ఉంది. ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా అర్హత ఉన్న ఏ విద్యార్థి అయినా కళాశాల కోర్సు తీసుకోవచ్చు. ప్రభుత్వ కళాశాల అయితే ఫీజు లేదు, పుస్తకాలు కూడా బడే సమకూరుస్తుంది. కళాశాలలో చదువును క్రెడిట్లలో లెక్కగడతారు; మూడు క్రెడిట్ల కోర్సు ఒక సెమిస్టరులో పూర్తి చేస్తే బడిలో ఏడాది పాఠం చదివినట్టే లెక్క. వచ్చే ఏడాది చేరాలనుకుంటే ఏప్రిల్ 1 లోపు బడికి రాతపూర్వకంగా తెలపాలి. ఇది రాష్ట్రమంతటా ఉన్న వెసులుబాటే. కాకపోతే మా ఊళ్లో అది పన్నెండు నిమిషాల నడక.

మొదటి సెమిస్టరు సగంలోనే నేను బంధువులకూ స్నేహితులకూ ఫోను చేసి మరీ పొగిడాను. పైసా ఖర్చు లేకుండా పదకొండో తరగతి పిల్ల విశ్వవిద్యాలయంలో కాలిక్యులస్ చదువుతోందని చెప్పుకుంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఆ మాటలు ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను కానీ, అప్పటికి నాకు తెలియనిది చాలా ఉంది.

నేను నర్సరావుపేటలో చదువుకున్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం లేనిదే తరగతిలోకి రానిచ్చేవారు కాదు. పిల్లల మార్కులు పెద్దవాళ్లకు తెలియడం అన్నది నా దృష్టిలో గాలి, నీరు లాంటిది. ఇక్కడి హైస్కూలు ఆ విషయంలో ఇంకో అడుగు ముందే ఉంది. పోర్టల్ తెరిస్తే పొద్దున రాసిన చిన్న పరీక్షలో ఎన్ని వచ్చాయో సాయంత్రానికి కనిపిస్తుంది. వంట పొయ్యి మీద పెట్టి రోజూ అది చూసేదాన్ని. చరిత్ర, ఇంగ్లిష్, రసాయనశాస్త్రం, అన్ని వరుసల్లోనూ అంకెలు నిండి ఉండేవి. కాలిక్యులస్ ఎదురుగా ఉన్న గడి మాత్రం ఖాళీ. ఇంకా ఎక్కించలేదు కాబోలు అనుకున్నాను. సెప్టెంబరు గడిచింది. అక్టోబరు వచ్చింది. గడి నిండలేదు.

ఒక ఆదివారం అమ్మాయి సంచి ఉతుకుదామని దులిపితే కాలిక్యులేటర్ డబ్బాలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం పడింది. మొదటి మిడ్‌టర్మ్, అంటే సెమిస్టరు మధ్యలో పెట్టే పరీక్ష. పైన ఎర్ర సిరాతో 47, చుట్టూ సున్నా. వందకు. కింద పెన్సిల్‌తో ఒక్క వాక్యం, నా గదికి వచ్చి కలువు అని. ఎనిమిదో తరగతి దాకా లెక్కల్లో 95 తగ్గని పిల్ల. ఆ కాగితం పట్టుకుని స్నానాల గది గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

దాన్ని అడగలేదు. ఆ రాత్రే ప్రొఫెసరుకు ఉత్తరం రాశాను. మర్నాడు మర్యాదగా మూడు వాక్యాల జవాబు వచ్చింది. విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆమె చదువు గురించి మాట్లాడలేనని, అనుమతి పత్రం ఫలానా చోట దొరుకుతుందని. పిల్లల చదువుల విషయంలో సలహాలిచ్చే బడి కౌన్సిలర్‌ను అడిగితే, సెమిస్టరు ముగిసి తుది గ్రేడు వచ్చేదాకా తమ దగ్గరా ఏమీ ఉండదన్నారు. పదహారేళ్ల పిల్ల, అన్నం పెట్టి పంపేది నేను, ఆ పిల్ల ఎలా చదువుతోందో నాకు చెప్పకపోవడం ఏమిటని ఆ వారమంతా ఉడికిపోయాను.

దీని వెనక 1974 నాటి అమెరికా కేంద్ర చట్టం ఒకటి ఉంది, ఫెర్పా అంటారు. బడి రికార్డుల మీద, పిల్లలకు పద్దెనిమిది నిండేదాకా, హక్కు తల్లిదండ్రులది. కళాశాల రికార్డుల మీద హక్కు మాత్రం చదువుకునే మనిషిదే, వయసు ఎంతైనా సరే. ఈ సంగతి బడివాళ్లు ఇచ్చిన కాగితాల్లో ఉంది, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. కానీ ఫిబ్రవరిలో పెట్టిన సమావేశంలో గడువుల గురించి గంటసేపు చెప్పినవాళ్లు దీని గురించి నోరు విప్పలేదు. నా ఫిర్యాదు అదే. కోర్సు మొదలైన పద్నాలుగు రోజుల్లోపు మానేస్తే ఏ మచ్చా పడదు. ఆ గడువు దాటాకగాని మొదటి పరీక్షే జరగదు. ఫెయిలైతే ఆ ఖర్చు ఇంటివాళ్ల దగ్గర రాబట్టే అధికారం బడికి ఉంది. వచ్చిన గ్రేడు కళాశాల ట్రాన్‌స్క్రిప్ట్ (గ్రేడుల పట్టిక) మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

అనుమతి పత్రం ప్రింటు తీసి, పెన్నుతో సహా భోజనాల బల్ల మీద పెట్టాను. అమ్మాయి చూసింది. పెరుగన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా అంది:

"నలభై ఏడు చూశావు కదమ్మా. వారానికి రెండుసార్లు ఆయన గదికి వెళ్తున్నాను. లెక్కల విభాగంలో సాయంత్రాలు ఉచితంగా చెప్పేచోటు ఉంది, అక్కడికీ వెళ్తున్నాను. నేను సంతకం పెడితే నువ్వు ఆయనతో మాట్లాడతావు. అప్పుడు నేను వెళ్లడం వేరేలా ఉంటుంది. డిసెంబరు దాకా ఆగవా?"

మంగళ, గురువారాలు లైబ్రరీకని చెప్పి ఆలస్యంగా వస్తున్నది ఎక్కడికో అప్పుడు తెలిసింది. మావారు ఆ కాగితం తీసి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టారు. రెండు నెలలు అది అక్కడే ఉంది. పాలకు ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ కనిపించేది. అడగకుండా ఉండటం నాకు ఎంత కష్టమైందో రాయడం నా వల్ల కాదు.

డిసెంబరు మూడో వారంలో గడి నిండింది. బి గ్రేడు. దాన్ని ముందుగా చూసింది నేను కాదు. మంచులో నడిచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అమ్మాయే నాకు చెప్పింది. ఆ ముఖం నేను అంతకుముందు చూడలేదు. పదో తరగతి దాకా అది తెచ్చిన ఏ నూటికి నూరూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

అయితే ఇదే పని మీ పిల్లల చేత చేయించండని చెప్పడానికి నాకు ధైర్యం లేదు. మా ఇల్లు, బడి, విశ్వవిద్యాలయం మూడూ నడిచి తిరిగేంత దూరంలో ఉన్నాయి. మావారు ఆ విశ్వవిద్యాలయంలోనే పరిశోధకుడు కాబట్టి, ప్రొఫెసరు తన గదిలో ఉండే వేళలంటే ఏమిటో, ఆ తలుపు తట్టవచ్చో లేదో మా పిల్లకు చిన్నప్పుడే తెలుసు. దాని స్నేహితురాలు ఊరికి చాలా దూరంలో పొలాల మధ్య ఇంట్లో ఉంటుంది. అదే ఫారం నింపింది, అదే అర్హత. కానీ పాఠం మూడు గంటలకు, ఊరవతలకు వెళ్లే బడి బస్సు పావు తక్కువ మూడుకు. ఇంట్లో ఉన్న ఒక్క కారు వాళ్ల నాన్న పనికి తీసుకెళ్తారు. చివరికి ఆ పిల్ల అదే కోర్సు ఆన్‌లైన్లో తీసుకుంది, తట్టడానికి తలుపు లేదు, నవంబరులో మానేసింది. లెక్కల్లో మా అమ్మాయికన్నా చురుకైన పిల్ల. ఊళ్లో అందరికీ సమానంగా అందుతుందని నేను ఫోనుల్లో చెప్పినప్పుడు ఆ పిల్ల గుర్తుకు రానందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

క్రెడిట్ల సంగతీ అంతే. మా అమ్మాయి ఒహైయోలోనే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరుతోంది కనుక అన్నీ చెల్లాయి, దాదాపు ఒక సెమిస్టరు ఫీజు మిగిలింది. వేరే రాష్ట్రంలో ప్రైవేటు విశ్వవిద్యాలయానికి వెళ్లిన తెలిసినవాళ్ల అబ్బాయికి సగం కూడా ఒప్పుకోలేదు.

మా చిన్నవాడు ఇప్పుడు ఏడో తరగతి. వాడికీ అర్హత ఉందని బడి నుంచి ఉత్తరం వచ్చింది. లెక్కలంటే వాడికీ ప్రాణమే. మావారు ఈ ఏడాదే పేరు ఇద్దామంటారు. నేను ఇంకా ఒప్పుకోలేదు. వాడు తక్కువ మార్కులు వచ్చిన కాగితాన్ని ఇప్పటికీ నా చేతికే తెచ్చి ఇస్తాడు.