నింగలూ తీరంలో పది రోజులు: అద్దెకు తీసుకున్న మోటర్‌హోమ్ ఎలా ఉందంటే

2025 జులై సెలవుల్లో పెర్త్‌లో ఆరుగురు పడుకునే మోటర్‌హోమ్ (లోపలే పడకలు, వంటగది, టాయిలెట్ ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని, పశ్చిమ ఆస్ట్రేలియా తీరం వెంబడి నింగలూ రీఫ్ (సముద్రంలోని పగడపు దిబ్బ) దాకా వెళ్లొచ్చాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మా అత్తగారు. కంపెనీ పేరు రాయడం లేదు. మాకు ఎదురైనవి ఏ కంపెనీ దగ్గరైనా ముందే అడిగి తెలుసుకోవాల్సిన విషయాలే.

టెన్షన్ అంతా బండి తీసుకునే రోజే పడ్డాం. ఆస్ట్రేలియాలో ఏడేళ్లలోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, సాధారణంగా ఆ సీటు పైపట్టీని బండిలో ఉండే కొక్కేనికి తగిలించాలి. బుకింగ్‌లో అందరికీ సీటు బెల్టులున్నాయన్నారు, ఉన్నాయి కూడా, కానీ మాకిచ్చిన బండిలో ఆ కొక్కెం ఒక్క సీటుకీ లేదు. బండి మార్చి ఇచ్చేసరికి మూడు గంటలు పట్టింది. చిన్నపిల్లలున్నవాళ్లు ఎన్ని బెర్తులు అని కాదు, చైల్డ్ సీటు బిగించే చోట్లు ఎన్ని అని అడగండి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

రెండోది కరెంటు. రైస్ కుక్కర్ పనిచేస్తుందా అంటే "అన్నీ పనిచేస్తాయి" అన్నారు. ఊళ్లలోని కారవాన్ పార్కుల్లో (ఇలాంటి బండ్లు రాత్రికి ఆపుకునే చోట్లు) వైరు తగిలించుకున్నప్పుడు పనిచేసింది. నింగలూ తీరం పక్కనే ఉన్న కేప్ రేంజ్ నేషనల్ పార్క్ క్యాంపుల్లో కరెంటు ఉండదు, తాగే నీళ్లు ఉండవు, ఫోన్ సిగ్నల్ కూడా దాదాపు ఉండదు. అక్కడ బండి బ్యాటరీతో లైట్లు, నీళ్ల పంపు నడుస్తాయి, ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంది, కుక్కర్‌కి మాత్రం కుదరదు. మా అత్తగారు గ్యాస్ స్టవ్ మీద గంజి వార్చి అన్నం వండారు. పార్కుకి దగ్గరి ఊరైన ఎక్స్‌మౌత్‌లో నీళ్ల ట్యాంకు నింపుకుని, టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే డబ్బా) ఖాళీ చేసుకుని, డీజిల్ కొట్టించుకుని పార్కు లోపలికి వెళ్లండి.

నడపడం అనుకున్నంత కష్టం కాదు, మామూలు కారు లైసెన్స్ చాలు. పెర్త్ నుంచి ఎక్స్‌మౌత్ దాదాపు 1,250 కిలోమీటర్లు, జెరాల్డ్‌టన్‌లో, కార్నార్వన్‌లో ఆగుతూ వెళ్లాం. చీకటి పడ్డాక ఊరి బయట నడపకూడదని ఒప్పందంలోనే ఉంది, సాయంత్రమైతే కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి కాబట్టి అది మంచి నిబంధనే.

ఇక ఇన్ని తంటాలు పడి ఎందుకు వెళ్లాలంటే, ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో చాలా చోట్లకి పడవ ఎక్కి గంటలు ప్రయాణించాలి, నింగలూలో పగడాలు ఒడ్డు నుంచే మొదలవుతాయి. ఈ తీరంలోనే ఉన్న కోరల్ బేలో నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. ఈత రాని మా అత్తగారు నడుం లోతులో నా చెయ్యి పట్టుకుని, మాస్క్ పెట్టుకుని ముఖం ముంచారు. లేచి, "అమ్మాయ్, కింద పెద్ద పెద్ద క్యాబేజీల్లా ఉన్నాయే, వాటి మధ్య నీలం చేపలు!" అని మళ్లీ ముంచారు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని ఆ రోజు గంటన్నరైనా నీళ్లలోంచి బయటికి రమ్మనలేకపోయాం.

అన్నీ అంత బాగా లేవు, అదీ చెప్పాలి. ఆ ఏడాది మొదట్లో సముద్రం బాగా వేడెక్కింది. వేడి ఎక్కువైతే పగడాలు తమలో ఉండే నాచుని బయటికి వదిలేస్తాయి, రంగూ తిండీ ఇచ్చేది ఆ నాచే. మేం చూసిన కొన్ని చోట్ల పాలిపోయి ఉన్నాయి, కొన్ని చోట్ల చచ్చిన పగడం మీద బూజులా ఏదో పట్టి ఉంది. పాప ఒడ్డుకొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. దయచేసి పగడాల మీద కాళ్లు పెట్టకండి, ఎండకి రాసుకునే క్రీములు దట్టంగా రాసే బదులు పొడుగు చేతుల ఈత చొక్కాలు వేయండి.

కేప్ రేంజ్ పార్కులోని టర్కాయిజ్ బేలో జాగ్రత్త. నీటి వాలు మిమ్మల్ని పగడాల మీదుగా తీసుకెళ్తుంది, అదే అక్కడి ఆనందం, కానీ ఇసుక దిబ్బ రాకముందే ఒడ్డెక్కాలి. దాటితే రీఫ్‌లో ఉన్న సందు గుండా బయటి సముద్రంలోకి లాగేస్తుంది. మేం పిల్లల్ని అక్కడ దింపలేదు.

బండికి ఐదుకి నాలుగు, అప్పగించిన తీరుకి రెండు. తిరిగి ఇచ్చేటప్పుడు పేచీ పెట్టలేదు, డిపాజిట్ పూర్తిగా వచ్చింది. మళ్లీ వెళ్తే బండి కంటే ముందు కేప్ రేంజ్ పార్కులోని ఆస్ప్రే బే క్యాంపు బుక్ చేస్తాం. 180 రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు, జులైకి చోటు దొరకడం చాలా కష్టం, మాకు దొరికింది రెండు రాత్రులే. రెండో రోజు పొద్దున టీ పెడుతుంటే బాబు పై బెర్త్ కిటికీలోంచి తిమింగలం ఊపిరి వదలడం చూసి, అందర్నీ అరిచి లేపాడు.