కారెగ్ కెన్నెన్ కోటకు అమ్మానాన్నలతో

అమ్మానాన్న గుంటూరు నుంచి వేల్స్‌లోని స్వాన్సీ వచ్చి మూడు వారాలైంది. బీచ్‌లన్నీ చూడటం అయ్యాక ఒకరోజు నాన్న, "కొండమీద కోట ఒక్కటీ లేదట్రా ఈ దేశంలో?" అన్నారు. కొండవీడు ఎక్కి దిగుతూ పెరిగిన మనిషి ఆయన. వేల్స్‌లో కోటలకేం కొదవ? అయితే పేరున్నవి చాలావరకు ఊళ్ల మధ్యలో ఉంటాయి. ఆయన మనసులో ఉన్నటువంటి కోట మాకు దగ్గర్లో కారెగ్ కెన్నెనే.

స్వాన్సీ నుంచి కారులో 45 నిమిషాలు. ట్రాప్ అనే చిన్న ఊరి దగ్గరికి వచ్చేసరికి రోడ్డు ఒక్క కారుకే సరిపోతుంది, రెండు వైపులా ఎత్తయిన పొదలు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెడల్పున్న చోటిదాకా రివర్స్‌లో వెళ్లాలి. నాకు రెండుసార్లు టెన్షన్ తప్పలేదు. రైల్లో వచ్చేవాళ్లు లాన్‌డైలోలో దిగాలి. అక్కడి నుంచి ఇంకో 4 మైళ్లు. రైళ్లు రోజుకు కొన్నే కాబట్టి టాక్సీ ముందే మాట్లాడుకోండి.

ఈ కోట ఒక రైతు కుటుంబానిది. 1960ల్లో పొలం కొన్నప్పుడు దస్తావేజుల్లో పొరపాటున కోట కూడా కలిసిపోయిందట. చూసుకునే బాధ్యత వేల్స్ ప్రభుత్వ సంస్థ కాడూది. ఆ మాటకు వెల్ష్ భాషలో అర్థం 'కాపాడటం' అని చెబితే నాన్న భలే సంతోషపడ్డారు, "మన మాటలాగే ఉందే" అని. టికెట్ పొలం దగ్గరి షాపులోనే ఇస్తారు. టార్చిలు కూడా అక్కడే అద్దెకు దొరుకుతాయి. తప్పకుండా తీసుకోండి.

గొర్రెలు మేస్తున్న పచ్చికలోంచి దారి నిటారుగా పైకి పోతుంది. మామూలుగా పావుగంట పడుతుంది, అమ్మ మోకాళ్లతో మాకు అరగంట పట్టింది. రెయిలింగ్ లేని చోట్లున్నాయి, వాన పడితే జారుతుంది. చక్రాల కుర్చీతో మాత్రం కుదరదు. పైన దక్షిణం వైపు కొండ ఒక్కసారిగా తెగిపోతుంది. దాదాపు 90 మీటర్ల కింద కెన్నెన్ లోయ. చిన్నపిల్లలుంటే చేయి వదలకండి.

1277 తర్వాత ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన కోటను కొత్త యజమానులు పెద్దగా కట్టారు. 1403లో, ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ వెల్ష్ నాయకుడు ఒవైన్ గ్లిన్‌డూర్ మనుషులు ముట్టడించారు. 1462లో, మళ్లీ ఎవరూ దీన్ని స్థావరం చేసుకోకుండా, 500 మందిని పెట్టి గునపాలతో పడగొట్టించారు. అంతమంది పగలగొట్టినా ద్వారం పక్క బురుజులు ఇంకా నిలబడే ఉన్నాయి.

నా మటుకు నాకు ఈ కోటలో అసలు చూడాల్సింది గుహ. ఆగ్నేయ మూల నుంచి మెట్లు దిగితే, కొండ అంచు వెంట కట్టిన సన్నటి దారి వస్తుంది. పైన రాతి కమాను, పక్కన సన్నటి కంతల్లోంచి వెలుతురు. అమ్మ పైనే కూర్చుంటానంది. నాన్న ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ ముందు నడిచారు. ఒకచోట ఆగి, "ఇక్కడితో అతుకులు అయిపోయాయి, చూడు" అన్నారు. నేనూ చేయి పెట్టి చూశాను. అప్పటిదాకా వేళ్లకు తగిలిన రాళ్ల సందులు లేవు. నున్నగా, చల్లగా, తడిగా సున్నపురాయి. మేస్త్రీ పని ఆగి కొండ మొదలైంది అక్కడే. అక్కడి నుంచి వంగి నడవాలి. కళ్లద్దాల మీద నీటి చుక్కలు పడుతుంటే ఆయన కండువాతో తుడుచుకుంటూనే చివరిదాకా వచ్చారు. ఫోన్ లైటుతో మాత్రం ఆ సాహసం చేయకండి. ఒక చెయ్యి గోడకి కావాలి.

కింద టీరూమ్ బాగుంది, ఓపిగ్గా మాట్లాడతారు. శాకాహారులు మాత్రం అడిగి తినండి. వెల్ష్ కేకుల్లో గుడ్డు ఉంటుంది, కొందరు పంది కొవ్వు కూడా వాడతారు. అమ్మకు శనివారం నియమం కాబట్టి పులిహోర తెచ్చుకున్నాం.

బస విషయంలోనే దెబ్బతిన్నాం. దగ్గరి ఊళ్లో కింది అంతస్తు గది అని బుక్ చేస్తే, తీరా చూస్తే మేడ మీద, ఇరుకు మెట్లు. గది శుభ్రంగానే ఉంది, ఉదయం టిఫినూ బాగా పెట్టారు. కానీ అమ్మ ఆ మెట్లెక్కుతూ పంటి బిగువున నొప్పి ఓర్చుకోవడం నేను మర్చిపోలేను. పెద్దవాళ్లతో వెళ్తే వెబ్‌సైట్‌ను నమ్ముకోకుండా ఫోన్ చేసి మెట్లు ఎన్నో అడగండి.

మర్నాడు డినెవర్, డ్రస్లూయిన్ కోటలు చూశాం. రెండూ తావీ నది ఒడ్డున కొండల మీదవే. డినెవర్‌లో చెట్ల నీడన నడక హాయిగా ఉంటుంది, జింకలున్నాయి. అమ్మకు అదే నచ్చింది. డ్రస్లూయిన్‌కి టికెట్ లేదు. మిగిలింది కొద్ది గోడలే, కానీ లోయ మొత్తం కనిపిస్తుంది. 1287 ముట్టడిలో గోడ కింద సొరంగం తవ్విన ఇంగ్లీషువాళ్ల మీదే ఆ గోడ కూలింది. ఒక్కరోజే ఉంటే ఈ రెండూ వదిలేసి కారెగ్ కెన్నెన్‌కే వెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు నాన్న కోసం మళ్లీ ట్రాప్ వైపు తిప్పాను. కోటకు దక్షిణం వైపు రోడ్డు మీద ఒక పొలం గేటు దగ్గర ఆపాను. అక్కడి నుంచి కొండ, కోట ఒకే రాయిలా కనిపిస్తాయి. నాన్న కాసేపు వెతికి కుడివైపు అంచు చూపించారు. "అదిగో, మనం నడిచింది అక్కడే" అని అమ్మకు చెప్పడం మొదలుపెట్టారు.