బెరింజర్ ఎక్స్32కు లాప్‌టాప్ కలిపితే ఏమొస్తది, అప్‌డేట్ ఎట్ల చేయాలె

మా హన్మకొండ, కాజీపేట దిక్కు సౌండ్ పని చేసేటోళ్లు చాలామంది మిక్సర్ కొన్ననాడు ఏ ఫర్మ్‌వేర్ (మిక్సర్ లోపల ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఉంటే దాని మీదనే ఏండ్లకేండ్లు నడిపిస్తరు. "మంచిగనే నడుస్తుంది కదన్నా, ఎందుకు కెలుకుడు" అంటరు. నేను ఒప్పుకోను. నా దగ్గరున్నది బెరింజర్ ఎక్స్32 డిజిటల్ మిక్సర్. ఈ మోడల్ 2012లో వచ్చింది. పెండ్లి బరాత్‌లు, చర్చి మీటింగులు, వేయి స్తంభాల గుడి కాడ ఎంగిలిపూల బతుకమ్మ, అన్నీ దీని మీదనే కొట్టిన. లాప్‌టాప్ కలపకుండ వాడేటోళ్లు దీన్ని సగమే వాడుతున్నరని నా అభిప్రాయం.

అందరూ తడబడేది వెనుక ప్యానెల్ కాడ. లాన్ కేబుల్ పట్టే సాకెట్లు నాలుగున్నయి, చూస్తే అన్నీ ఒక్క తీరే. రెండు ఏఈఎస్50, అవి స్టేజ్ బాక్సుకు, అంటే స్టేజీ మీద మైకు వైర్లు గుచ్చే డబ్బాకు. ఒకటి అల్ట్రానెట్, పర్సనల్ మానిటర్లకు, అంటే పాడేటోళ్లు, వాయించేటోళ్లు ఎవరిది వాళ్లు వినేటందుకు. ఈథర్‌నెట్ అని రాసి ఉన్న నాలుగోదే లాప్‌టాప్‌ది. తక్కిన మూడిట్ల ఎంతసేపు గుచ్చినా లాప్‌టాప్‌కు మిక్సర్ కనబడదు. మిక్సర్ వెనుక బిగించిన కార్డు మీదున్న యూఎస్‌బీ సాకెట్ పాటలు రికార్డు చేసేటందుకు, 32 ఛానెళ్లు విడివిడిగా లాప్‌టాప్‌లకు పోతయి. లాప్‌టాప్ నుంచి మిక్సర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ ఎక్స్32-ఎడిట్ మాత్రం ఆ వైరు మీద కలవదు.

మిక్సర్ సెటప్‌ల నెట్‌వర్క్ పేజీ తెరిచి ఐపీ అడ్రస్ చూసుకోండి. అది 192.168.0.64 ఉంటే లాప్‌టాప్‌కు 192.168.0.10 అని చేత్తో పెట్టాలె. చుక్కల మధ్య ఉన్న నంబర్లల్ల మొదటి మూడు ఒకటే, చివరిది వేరే. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. అయినా దొరకకపోతే విండోస్ ఫైర్‌వాల్ అడ్డం పడుతున్నట్టు.

కలిసినంక ఎక్స్32-ఎడిట్ ఒక్క మాట అడుగుతది: మిక్సర్‌ల ఉన్నది లాప్‌టాప్‌కు తీసుకోవాల్నా, లాప్‌టాప్‌ల ఉన్నది మిక్సర్‌కు పంపాల్నా అని. ఇక్కడ జర పైలం. ప్రోగ్రాం మధ్యల రెండోది నొక్కితే మీరు పొద్దంత కూసొని చేసిన ఈక్యూ, గెయిన్ అన్నీ పోతయి. ఎప్పుడైనా మిక్సర్ నుంచి లాప్‌టాప్‌కే ముందు.

ఈ సాఫ్ట్‌వేర్ ఫ్రీ. విండోస్, మ్యాక్, లైనక్స్‌తోపాటు రాస్‌బెర్రీ పై మీద గూడ నడుస్తది. నాకు బాగ నచ్చిందేందంటే, మిక్సర్ గోదాంల ఉన్నా సరే, ఇంట్ల కూసొని డోలక్, కీబోర్డు, కోరస్ మైకులు అన్నిటికీ పేర్లు, రంగులు పెట్టుకొని సీన్ (అన్ని సెట్టింగులు కలిపి సేవ్ చేసింది) తయారు చేసుకోవచ్చు. మిక్సర్ మీద గుండ్రటి నాబ్ తిప్పుకుంట ఒక్కో అక్షరం కొట్టే తిప్పలుండదు.

ఇగ అప్‌డేట్. నేను చేసే పద్ధతిల దీనికి వైరు పనే లేదు. లాప్‌టాప్‌ల కంపెనీ సైట్ నుంచి ఫైల్ దింపి, జిప్ విప్పి, ఎఫ్ఏటీ32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌ల వేయాలె. ఫోల్డర్‌ల పెట్టొద్దు, ఫైల్ పేరు మార్చొద్దు, పాత అప్‌డేట్ ఫైల్ పక్కన ఉంచొద్దు. ఆ పెన్‌డ్రైవ్ మిక్సర్‌కు గుచ్చి, వ్యూ బటన్ ఒత్తిపట్టి పవర్ ఆన్ చేస్తే దానంతటదే ఎక్కుతది, ఎప్పటికంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతది. అంతకంటే ముందు షో మొత్తం, అంటే మీ సీన్లు, సెట్టింగులన్నీ, ఇంకో పెన్‌డ్రైవ్‌ల సేవ్ చేసుకోండి. కరెంటు మీద భరోసా పెట్టుకోకుండ యూపీఎస్ మీద చేయండి. నేను ఇదివరకు వాడిన వేరే కంపెనీ మిక్సర్‌కు యూఎస్‌బీ వైరుతోనే అప్‌డేట్ ఎక్కాలె. లాప్‌టాప్ డ్రైవర్ కుదరక సగంల ఆగి, బండి మీద ఏసుకొని హైదరాబాద్ సర్వీసుకు పోయొచ్చిన. అందుకే ఈ పెన్‌డ్రైవ్ పద్ధతి నాకు ప్రాణం.

కష్టపడి అప్‌డేట్ చేస్తే లాభమేందంటే, ఫర్మ్‌వేర్ 4.0 వెర్షన్ నుంచి ఇన్‌పుట్లు ఒక్కొక్కటి విడిగా ఎక్కడంటే అక్కడ పెట్టుకోవచ్చు. అంతకుముందు ఎనిమిదేసి గుంపులుగనే కదిలేటివి. స్టేజ్ బాక్సుల మూడో సాకెట్ చెడిపోయిందనుకోండి, ఆ మైకును పదకొండోదాంట్ల గుచ్చి, మిక్సర్ మీద మాత్రం మూడో ఫేడర్ (సౌండ్ ఎక్కువ తక్కువ చేసే జారుడు మీట) కాడికే తెచ్చుకోవచ్చు. సద్దుల బతుకమ్మ నాడు జనం మధ్య ఇది ఎంత ఆసరనో పని చేసేటోళ్లకు ఎరుకే.

సెకండ్‌హ్యాండ్‌ల కొనేటోళ్లు పైసలిచ్చే ముందు వెర్షన్ నంబర్ చూడండి. 4.0 కంటే కింద ఉన్నా భయపడేదేం లేదు. అమ్మేటాయన ముందలనే అప్‌డేట్ చేసి, తర్వాత ఒక్కో ఛానెల్‌కు మైకు పెట్టి వినండి. ఫేడర్లన్నీ ఒక్కసారి కిందికీ మీదికీ ఉరికించి చూడండి.