బెలుం, గండికోట ప్రయాణం: పాతాళగంగ మెట్లు, పెన్న లోయ, 6,400 రూపాయల టెంటు

గండికోటలో పెన్న లోయ అంచున గుడారాలు వేసి బస ఏర్పాటు చేస్తామని ఇంటర్నెట్‌లో ఫోటోలు పెట్టుకునే వారిలో ఒకరికి మేము 6,400 రూపాయలు ముందుగా చెల్లించి, ఆ గుడారాల్లో ఒక్క కునుకైనా తీయకుండానే బయటికి రావలసి వచ్చింది. ఇది రాయడానికి మొదటి కారణం ఆ కోపమే. అయితే అదే ప్రయాణంలో బెలుం గుహలూ, కోటలోని ఊళ్లో ఒక ఇంట్లో తిన్న జొన్నరొట్టెలూ కూడా మాకు దక్కాయి కనుక, వాటి మాట ఎత్తకుండా టెంటు గొడవ ఒక్కటే రాస్తే ఆ ప్రాంతానికి అన్యాయం చేసినట్టవుతుంది.

ప్రయాణం జరిగింది మా అత్తయ్య పట్టుదల వల్ల. ఆవిడ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద పెన్నా నదిని, ఎర్రమల కొండలను గీసి పిల్లల చేత గుర్తింపజేశారు గానీ, ఆ కొండలను నది ఎక్కడ కోసుకుని పోతుందో కళ్లారా చూసింది లేదు. కిందటి ఏడాది రెండు మోకీళ్లకూ మార్పిడి ఆపరేషన్ అయ్యాక, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఏదైనా ఒక లక్ష్యం పెట్టుకోమని చెప్పినప్పుడు, తిరుమల అంటారనో కాశీ అంటారనో మేమంతా అనుకున్నాం. ఆవిడ మాత్రం బెలుం గుహల్లో పాతాళగంగ దాకా తన కాళ్లతో దిగి, తన కాళ్లతోనే పైకి రావాలన్నారు. ఆనాటి నుంచి సాయంత్రం పూట మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద సాధన మొదలైంది. మొదట ఒక అంతస్తు, దసరా నాటికి మూడు, కార్తీకం వెళ్లేసరికి ఐదు. లిఫ్టు కోసం నిలబడ్డ ఇరుగుపొరుగు వాళ్లు జాలిగా పలకరిస్తే "కరెంటు ఉంది లెండి, నేనే ఎక్కుతున్నాను" అని చెప్పి సాగిపోయేవారు.

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోరిక వేరు. దానికి లోయ పక్కన టెంటులో పడుకుని నక్షత్రాలు చూడాలని ఉంది. మా వారి కోరికల్లా ఆఫీసు ఫోన్లు రాకుండా ఉండడం. అది బెలుంలో, భూమి కింద ఉన్నంతసేపూ తీరింది.

హైదరాబాదు నుంచి పెద్ద కారు ఒకటి మాట్లాడుకున్నాం. కిలోమీటరుకు 18 రూపాయలు, డ్రైవరు బత్తా రోజుకు 500, టోలు మన ఖర్చు. కర్నూలు దాకా చెప్పుకోవలసింది ఏమీ లేదు. యాగంటిలో కోనేటి మెట్ల మీద కూర్చుని నంది నోటి నుంచి పడే నీటిని చూశాం, పెరుగుతూ ఉంటుందని చెప్పుకునే బసవన్న చుట్టూ తిరిగాం. కొండ గుహలకు వెళ్లే మెట్లు నిటారుగా ఉంటాయని అత్తయ్య కిందే ఉండిపోయారు. మోకాళ్లను మర్నాటికి దాచుకుంటున్నానన్నారు. ఆ రాత్రి బనగానపల్లెలో ఒక సాదా లాడ్జిలో గది 900 చొప్పున రెండు గదులు తీసుకున్నాం. పరుపు గట్టిది, బాత్రూము శుభ్రంగా ఉంది, అంతకుమించి అడగవలసిన పని లేదు.

మర్నాడు అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం చేరాం. పైనుంచి చూస్తే అక్కడ అంత గుహ ఉందని ఎవరూ నమ్మరు. చుట్టూ చదునైన నేల, ఆ నేలలో పాడుబడిన బావిలా కనిపించే గొయ్యి, అందులోకి మెట్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల సంగతి ప్రస్తావించాడనీ, మళ్లీ 1982, 83ల్లో జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలంతా పరిశీలించిందనీ, పొడవు 3,229 మీటర్లనీ అత్తయ్య కారులోనే పాఠం చెప్పేశారు. జనానికి తెరిచింది 2002లో. అందులో మనం నడవగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు.

డిసెంబరు నెల కదా అని స్వెట్టర్లతో దిగే పని పెట్టుకోకండి. లోపల చల్లగా ఉంటుందనుకుంటాం గానీ, ఉక్కతో చెమట ధారగా కారుతుంది. నూలు బట్టలు, జారని చెప్పులు, మంచినీళ్ల సీసా తప్పనిసరి. ఆయాసం ఉన్నవారు దిగకపోవడమే మంచిది. కొన్నిచోట్ల కల్యాణ మంటపమంత విశాలంగా ఉంటుంది, కొన్నిచోట్ల నడుం వంచితే తప్ప దారి లేదు. పాతాళగంగ అన్నిటికన్నా లోతైన చోటు, నేల మట్టానికి 46 మీటర్ల కింద ఉంది. ఆ దిగుడు దగ్గర అత్తయ్య చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకున్నారు, కళ్లజోడు నాకిచ్చి మళ్లీ అడిగి తీసుకున్నారు, ఎడమ చెయ్యి రాతి మీద ఆనించి, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు, ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు అని ఫిజియోథెరపీ పాఠం గొణుక్కుంటూ ఒక్కో మెట్టూ దిగారు. మా వారు వెనకనుంచి భుజం పట్టుకోబోతే చెయ్యి తోసేశారు. అక్కడ పనిచేసే ఒకాయన ఎవరూ అడగకుండానే ఆవిడకు రెండు మెట్లు ముందు నడుస్తూ, ఎక్కడ తడి ఉందో, ఏ రాయి పట్టుకోవాలో చెబుతూ వచ్చాడు. అంత ఓపికతో పనిచేసే వారిని చూసి చాలాకాలమైంది.

అంత శ్రమపడి దిగాక ఆ సన్నని నీటిపాయను చూసి అత్తయ్య "ఇంతేనా!" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వు గుహంతా మోగింది. తర్వాత ఫోటో తీయించుకుని, దాన్ని వెంటనే ఫిజియోథెరపీ అమ్మాయికి పంపమని పట్టుబట్టారు. అక్కడ సిగ్నల్ లేదని నచ్చజెప్పి పైకి తీసుకొచ్చేసరికి, ఎక్కుడు కష్టం సంగతే ఆవిడ మరిచిపోయారు.

ఇంత మంచి పగలు గడిపి, సాయంత్రానికి గండికోట చేరాం. అక్కడ పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది గానీ, శనివారం కావడం వల్ల మాకు గది దొరకలేదు. అందుకే మా వారు ఇంటర్నెట్‌లో చూసి ఇద్దరికి ఒక టెంటు చొప్పున రెండు టెంట్లు, ఒక్కోటి 3,200కు, రాత్రి భోజనం, ఉదయం టిఫినుతో సహా బుక్ చేశారు. బుక్ చేసే ముందు అత్తయ్య ఆపరేషన్ సంగతి వివరంగా చెప్పి, వెస్టర్న్ కమోడ్ ఉందా అని ఫోన్లో అడిగారు. ఉందన్నారు. వాట్సాప్‌లో మళ్లీ అడిగితే "ఉంది సార్, నో టెన్షన్" అని రాసి, బొటనవేలు బొమ్మ కూడా పెట్టారు.

ఫోటోల్లో టెంటు గుమ్మం ముందే లోయ ఉంటుంది. మాకు చూపించిన టెంట్లు లోయకు కిలోమీటరున్నర దూరంలో, ప్రహరీ గోడ కట్టిన బీడు పొలంలో ఉన్నాయి. గోడ ఎత్తుకు లోయ మాట అటుంచి, దారిన పోయే గేదె కూడా కనిపించదు. ఒక టెంటు జిప్పు సగంలో ఇరుక్కుపోయి ఉంది. రెండో దానిలో దిండుకు గలీబు లేదు, పరుపు చేత్తో తాకితే మంచుకు తడిసి చెమ్మగా తగిలింది. కారు నిలిపినందుకు 100, మంట వేయాలంటే 500, వేడినీళ్లు బకెట్టుకు 60 అని ఒక కుర్రాడు లెక్క చదివాడు. పక్క టెంట్ల వాళ్లు అప్పటికే పెద్ద స్పీకరు పెట్టి చిందులు మొదలుపెట్టారు. ఇవన్నీ ఒక రాత్రికి సర్దుకునేవాళ్లమే. అసలు సంగతి మరుగుదొడ్ల దగ్గర బయటపడింది. ముప్పై మంది దాకా ఉన్న ఆ చోట రేకులతో కట్టినవి రెండే రెండు, రెండూ కింద కూర్చునేవి, ఒకదానికి గడియ బదులు తీగ చుట్టి ఉంది.

కొత్త మోకీళ్లు వేయించుకున్న మనిషి కింద కూర్చోలేదని చెబితే, ఆ కుర్రాడు సీటు మధ్యలో కోసిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, దాన్ని మీద వేసుకుంటే సరిపోతుందని, కొంచెం అడ్జస్ట్ అవ్వమని అన్నాడు. కుర్చీ కాళ్లలో ఒకటి పొట్టిది. ఫోన్లో ఉందని ఎందుకు చెప్పారని మా వారు నిలదీస్తే, బుకింగు వాళ్లు వేరు, మేము వేరు అన్నాడు. బుకింగు వాళ్లకు ఫోన్ చేస్తే అక్కడున్న మేనేజరుతో మాట్లాడుకోమన్నారు. మేనేజరు ఎవరయ్యా అంటే ఆ కుర్రాడే. అంతవరకూ మాట్లాడకుండా నిలబడ్డ అత్తయ్య, బళ్లో హాజరు తీసుకునే గొంతుతో "ఏం చదువుకున్నావు నాయనా?" అని అడిగారు. డిగ్రీ అన్నాడు. "మరి ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఏ తరగతిలో చెప్పారో గుర్తుందా?" అన్నారు. అతను తల దించుకున్నాడే గానీ డబ్బు మాత్రం ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు.

రాత్రి తొమ్మిదింటికి 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగు వెళ్లి, గది 1,300 చొప్పున ఒక లాడ్జిలో దిగాం. కమోడ్ ఉంది, గీజరు పనిచేసింది. కారులో మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కన్నీళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. మా వారు బుక్ చేసింది తానే కాబట్టి దారి పొడవునా నోరెత్తలేదు. అత్తయ్య ఒక్కరే ప్రశాంతంగా ఉన్నారు. గమ్యం పొద్దున్నే చేరిపోయిన మనిషికి ఈ చికాకులు అంటవు కాబోలు.

తెల్లవారకముందే మళ్లీ గండికోట వెళ్లాం. మా అమ్మాయి అలక తీరింది అక్కడే. ఎర్రటి రాయి అంచెలంచెలుగా పేర్చినట్టున్న గట్ల మధ్య పెన్న మలుపు తిరిగే చోట, మొదట అంతా బూడిదరంగుగా ఉండి, ఎండ తగిలిన కొద్దీ ఒక్కో అంచె విడిగా తేలుతుంది. అత్తయ్య ఆ మలుపును వేలితో గాలిలో గీసి, తాను బోర్డు మీద గీసిన దానికన్నా ఎక్కువ వంపు ఉందన్నారు. ఒక హెచ్చరిక: లోయ అంచున కమ్మీలు, గోడలు లేవు. సెల్ఫీల కోసం అంచుకు పోయే పిల్లలను చెయ్యి పట్టి లాగవలసిందే.

లోయ చూసి వెనుదిరిగే వాళ్లే ఎక్కువ గానీ, కోటకు కనీసం రెండు గంటలు ఇవ్వాలి. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల నుంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్న రోజుల్లో, 1652లో, టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. జామా మసీదు, పక్కనే ధాన్యాగారం, కొంచెం అవతల మాధవరాయ స్వామి గుడి గోపురం, అన్నీ నడిచి చూసే దూరంలోనే ఉన్నాయి. మా అమ్మాయికి అన్నిటికన్నా ధాన్యాగారం నచ్చింది, లోపల అరిస్తే గొంతు తిరిగి వస్తుందని.

కోట లోపల ఊరుంది, అక్కడ జనం కాపురం ఉంటున్నారు. ఆకలేసి ఒక ఇంటి ముందు అడిగితే, ఆ ఇల్లాలు అరగంట ఆగితే చేసి పెడతానంది. మరిగే నీళ్లు పోసి జొన్నపిండి పిసికి, ముద్దను పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతుంటే అది అంచు చిట్లకుండా పళ్లెమంత అయింది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒకసారి తుడిచింది. ఆ రొట్టెల్లోకి చెనిక్కాయల ఊరిబిండి, వంకాయ కూర, పెరుగు. "ఇంగొకటి ఎయ్యనా పెద్దమ్మా?" అని ఆమె అడిగిన ప్రతిసారీ అత్తయ్య వద్దనలేకపోయారు. నలుగురికీ డ్రైవరుకూ కలిపి 400 తీసుకుంది. ముందు రాత్రి టెంటులో భోజనం పేరిట మా ముందు పెట్టిన చల్లారిన ఫ్రైడ్ రైస్‌ను తలుచుకుంటే, ఆ 400 పక్కన 6,400 మరీ చేదుగా అనిపించింది.

ఇంటికొచ్చాక మా వారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశారు. వాట్సాప్‌లో "ఉంది సార్" అన్న సందేశం, రెండు మరుగుదొడ్ల ఫోటోలు, చెల్లింపు రసీదు జతచేశారు. కొన్ని వారాల తర్వాత సగం, అంటే 3,200, ఖాతాలో పడింది. మిగతా సగానికి సమాధానం లేదు. ఫోన్లో మాటలు నమ్మకుండా ప్రతిదీ రాతలో తీసుకోండి, అక్కడికి చేరిన వెంటనే ఫోటోలు తీయండి, మాకు ఆ సగమైనా వచ్చింది అందువల్లే. పెద్దవాళ్లతో వెళ్లేవారు హరితలో ముందుగా గది చూసుకోవడమో, జమ్మలమడుగులో దిగి తెల్లవారుజామున కోటకు వెళ్లడమో మేలు. నంద్యాల, యర్రగుంట్ల మార్గంలో జమ్మలమడుగుకు రైలు స్టేషను కూడా ఉంది కనుక కారు లేకపోయినా అక్కడి దాకా చేరవచ్చు. కారుకు టోలు, బత్తాతో కలిపి మాకు 18,340 అయింది, రెండు లాడ్జిలకు 4,400.

అత్తయ్య ఇప్పుడు ఎగువ అహోబిలం పేరెత్తుతున్నారు, మెట్ల సాధన ఆపలేదు. ఈసారి బస సంగతి తనకే వదిలేయమని, కమోడ్ ఫోటో వాట్సాప్‌లో కళ్లారా చూశాకే అడ్వాన్సు పంపుతానని మా వారికి చెప్పేశారు. ఆయన మారుమాట్లాడకుండా ఫోను ఆవిడ చేతికిచ్చారు.